కొత్తిమీర జుట్టు

కాశీబుగ్గ సంతలో పాత గిన్నెలు డజను నూటయాభై.
అన్నీ సొట్టలవే.
రెండు చెవులున్నవి, ఒక చెవి ఊడినవి,
ఎవరింట్లోనో పాలు విరిగిన వాసన ఇంకా వదలనివి.
"ఏటి సేత్తావే ఇన్ని? బంతి బోజనాలెడతావేటి?"
అడిగాడు దండాసి.
చెప్పలేదు నేను.
చెబితే నవ్వుతాడు. నవ్వాక ధర పెంచుతాడు.

ఆదివారం ఫ్యాక్టరీ సెలవు.
నీళ్ళు దిగాలని
మేకు పెట్టి, పొత్రంతో కొట్టి, అడుగున కన్నాలు పొడిచాను.
మొదటి గిన్నెకి ఊపులో ఎక్కువైపోయాయి.
అది జల్లెడైంది. వంటింట్లోకి పోయింది.

రంగు డబ్బా అంటే ఒక పూట కూలి.
అందుకని పద్దెనిమిదేళ్ళుగా నా వేళ్ళకి అంటుకుంటున్నదాన్నే
కొబ్బరి చిప్పలో పట్టి తెచ్చాను,
జీడిపిక్కల పెంకు నూనె.
చేతికి తగిలితే తోలు ఊడుతుంది.
గిన్నెకి తగిలితే కనుబొమ్మవుతుంది.

చీపురుపుల్ల ముంచి గీసిన మొదటి మొహం
మా సూపర్వైజరుది.
ముక్కు గీయక్కర్లేకపోయింది, సొట్టే ముక్కు.
విరిగిన పప్పు బద్దలు లెక్కపెట్టే నోరు, సన్నగా.
జీడితోటలో ఆకు కుళ్ళిన మట్టి నింపి
నెత్తిన మెంతులు చల్లాను.
నాలుగో రోజుకి
ఆయనకి లేని జుట్టంతా వచ్చేసింది.

పాల దాలినాయుడికి గోంగూర.
కిళ్ళీకొట్టు తవిటమ్మకి తమలపాకు తీగ,
భుజాల మీదికి జారే జడలా.
ఆర్టీసీ కండక్టరుకి ఏం వేశానో మర్చిపోయాను,
ఏదో మొలిచింది, ఇంకా పేరు తెలీదు.

కోర్లమ్మది మాత్రం కోపంతో గీశాను.
కుళాయి దగ్గర నా బిందె జరిపి తన బిందె పెట్టినప్పట్నుంచి
రెండేళ్ళయింది మాకు మాటల్లేక.
మూతి వంకర గీశాను,
ఉన్నదానికన్నా ఇంకొంచెం.
నెత్తిన ధనియాలు.
వారం పోయింది, పది రోజులు పోయాయి.
బోడిగా అలాగే చూస్తోంది నన్ను.

పదకొండో రోజు గోడ మీంచి వచ్చింది గొంతు:
"దనియాలు నలపకుండా ఏత్తే మొలుత్తాయేటే!"

నేను నోరు తెరిచేలోపే
గుప్పెడు ధనియాలతో ఇటువైపు వచ్చేసింది.
చెప్పు కింద పెట్టి నలిపింది, రెండేసి బద్దలుగా.
చల్లబోతూ ఆగింది.
"ఎవుల్ది ఈ మొకం?"
"ఎవుల్దీ కాదు."
వంకర మూతి మీద వేలు పెట్టి
చాలాసేపు చూసింది.
నేను తులసికి నీళ్ళు పోశాను, అప్పటికే పోసినదానికి.
చివరికి గాజులకున్న పిన్నీసులు రెండు తీసి
గిన్నె చెవులకి తగిలించింది.
"పోగుల్లేకండా నాను ఎప్పుడు తిరిగినానే?"

ఇప్పుడు వారానికోసారి కత్తెర పట్టుకొస్తుంది.
"నా జుట్టు, నా ఇట్టం" అంటూ కోసుకుని
సగం నా చారులో వేసిపోతుంది.

గిన్నె ఒకటి మిగిలింది.
నా మొహం గీద్దామని కూర్చుంటే చెయ్యాడలేదు.
రేషన్ మిషను గుర్తుపట్టని వేళ్ళివి,
అరిగిపోయి, గీత మిగలక.
వాటికి నేను గుర్తున్నానో లేదో.
కోర్లమ్మ పుల్ల లాక్కుంది.
కళ్ళు కాస్త పెద్దవే పెట్టింది, దయ చూపించి.
నోరు మాత్రం
గిన్నె ఈ చెవి నుంచి ఆ చెవి దాకా.
"ఇంత నోరా నాది?"
"బిందెల రోజున ఇంకా పెద్దది. గిన్నె సాల్లేదు."

నెత్తిన ఏం చల్లిందో చూశాను.
ఆవాలు.